ముందు ఇల్లు సద్దుమణగాలి

ముందే చెప్పేస్తున్నా, నేను పిల్లల డాక్టర్ని కాదు. పదకొండేళ్ళుగా జావాలో కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. అయినా పిల్లల నిద్ర మీద టపా రాసే ధైర్యం ఎలా వచ్చిందంటే, రాత్రి పదకొండున్నరకి కూడా కళ్ళు మతాబుల్లా వెలిగే రెండున్నరేళ్ళ బుడ్డాడితో దాదాపు ఏడాది పాటు కుస్తీ పట్టాను కాబట్టి. మన ఆఫీసుల్లో ఎవర్ని కదిపినా ఇదే గోడు. కాఫీ మిషన్ దగ్గర సగం మాటలు అప్రైజల్ గురించి, మిగతా సగం "మావాడు నిన్న పన్నెండింటికి పడుకున్నాడండీ" అని.

"వీడు ఎందుకు పడుకోవట్లేదు?" అని ఏడాదంతా ఒకటే ప్రశ్న వేసుకున్నా. ఆ ప్రశ్నే తప్పని తెలియడానికి మా ఊరిదాకా వెళ్ళాల్సొచ్చింది.

మాది కొండాపూర్లో రెండు బెడ్రూముల ఫ్లాటు. మా ఆవిడదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. నేను ఏడున్నరకి ఇల్లు చేరతా. ఎనిమిదిన్నరకి అమెరికా పశ్చిమ తీరంలో ఉన్నవాళ్ళతో కాల్, రోజూ. గదిలోకెళ్ళి తలుపేసుకుంటే బయటికొచ్చేది పదింటికి. ఆ మధ్యలో హాల్లో ట్యూబులైటు, టీవీ, వంటింట్లో కుక్కరు, మిక్సీ, మా ఆవిడ చేతిలో ఫోను. వీటన్నిటి మధ్యా నిలబడి "నాన్నా, పడుకోరా" అని వాణ్ణి బతిమాలడం.

2025 జూన్లో ఓ రాత్రి డెమో ఇస్తున్నా. బుడ్డాడు తలుపు బాదుతున్నాడు. మ్యూట్ నొక్కి, తలుపు తీసి, "పడుకోకపోతే బూచాడొచ్చి పట్టుకెళ్ళిపోతాడు!" అని అరిచా. వాడు బెదిరిపోయి, గబగబా మంచమెక్కి దుప్పటి కప్పేసుకున్నాడు. అమ్మయ్య అనుకున్నా. కాల్ అయ్యాక వెళ్ళి దుప్పటి తీస్తే, కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. "బూచాడు వెళ్ళిపోయాడా?" అని అడిగాడు. గంటన్నర సేపు అలాగే ఉన్నాడన్నమాట. నాకేం చెప్పాలో తోచలేదు. మా ఆవిడ మాత్రం, "ఇప్పుడే గదిలోంచి బయటికొచ్చాడు" అంది నన్ను చూస్తూ.

అప్పటికే మేం చెయ్యని ప్రయత్నం లేదు. యూట్యూబులో జోలపాటలు పెట్టాం. వాడు పాట వినడం మానేసి బొమ్మలు చూడ్డం మొదలెట్టాడు. కార్లో ఎక్కించుకుని గచ్చిబౌలి దాకా తిప్పాం. కార్లో పడుకునేవాడు, లిఫ్టులో లేచేవాడు.

ఆఫీసులో ఒకాయన గొప్ప చిట్కా చెప్పాడు, "జలుబు మందు రెండు ఎమ్మెల్ పట్టించండి, హాయిగా పడుకుంటాడు" అని. దయచేసి ఈ పని ఎవరూ చెయ్యకండి. ఆ మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ వల్ల మగత వస్తుంది నిజమే, కానీ అది నిద్ర కోసం ఇచ్చే మందు కాదు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుల సీసాల మీద నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని అచ్చెయ్యాలని 2023 డిసెంబరులో మన కేంద్ర ఔషధ నియంత్రణ అధికారే ఆదేశించాడు.

న్యూజెర్సీలో ఉండే మా పిన్నికొడుకు ఫెర్బర్ పద్ధతి చెయ్యమన్నాడు. బోస్టన్లో పిల్లల నిద్ర వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకం అది. పిల్లాణ్ణి మంచం మీద మెలకువగానే వదిలి బయటికొచ్చెయ్యాలి. ఏడిస్తే మూడు నిమిషాలాగి వెళ్ళి ఓ మాట చెప్పి రావాలి, తర్వాత ఐదు, తర్వాత పది... ఇవి 2006లో వచ్చిన సవరించిన కూర్పులోని లెక్కలు. చాలామంది అనుకున్నట్టు "ఏడ్చి ఏడ్చి వాడే పడుకుంటాడు" అని వదిలెయ్యమని ఆయన చెప్పలేదు. ఆస్ట్రేలియాలో ఇలాంటి పద్ధతుల మీద 326 మంది పసిపిల్లలతో అధ్యయనం మొదలుపెట్టి, ఐదేళ్ళ తర్వాత మళ్ళీ చూసి, పిల్లలకి చెడూ కనపడలేదు, అదనంగా మేలూ మిగల్లేదు అని 2012లో పేపరు వేశారు. కాబట్టి ఆ పద్ధతిని తిట్టను. కానీ మా ఇంట్లో రెండో రాత్రికే పక్క ఫ్లాటావిడ తలుపు కొట్టి "బాబుకి ఒంట్లో బాలేదా?" అని అడిగింది. మూడో రాత్రి మా ఆవిడే ఏడ్చింది. అక్కడితో అయిపోయింది.

ఇలా ఉండగా శ్రావణమాసంలో మా బాబాయి కూతురి పెళ్ళి. మాది రాజోలు దగ్గర ఓ పల్లెటూరు. 2022 దాకా తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కోనసీమ జిల్లా. పది రోజులు సెలవు పెట్టా. ఊళ్ళో నెట్ రాదని చెప్పి కాల్స్ ఎగ్గొట్టా (మా ఊరికి ఫైబర్ వచ్చి చాలా కాలమైందని దయచేసి మా మేనేజరుకి చెప్పకండి :) ).

మొదటి రాత్రి తొమ్మిదిన్నరకి పడుకున్నాడు. ప్రయాణం బడలిక అనుకున్నాం. రెండో రాత్రి తొమ్మిదికి. నాలుగో రోజు నుంచి ఎనిమిదిన్నరకి అటూ ఇటూ పది నిమిషాల్లో ఫ్లాట్! అలవాటు కొద్దీ లాగ్ రాయడం మొదలెట్టా.

ఇంట్లో అందరికీ తలా ఓ కారణం. కొబ్బరితోటల గాలి అన్నాడు నాన్న. పొద్దస్తమానం మట్టిలో ఆడి అలిసిపోతున్నాడు అంది అమ్మ. నాకూ అదే నిజమనిపించింది. కానీ ఆరో రోజు పొద్దున్నుంచీ వాన. కాలవలో ఎర్రనీళ్ళు, వాకిట్లో బురద, బుడ్డాడు గుమ్మం దాటలేదు. అయినా ఎనిమిదిన్నరకి పడుకున్నాడు. అంటే అలసట ఒక్కటే కారణం కాదు. ఎనిమిదో రోజు పెళ్ళి, రాత్రి ముహూర్తం. ఆ రోజు వాడు ఆడినంత ఆట ఎప్పుడూ ఆడలేదు, అయినా ఒంటిగంట దాకా కన్ను మూయలేదు. అదే ఊరు, అదే గాలి, అంతకు మించిన అలసట. మారినవల్లా దీపాలు, సన్నాయి, జనం.

బగ్ వెతికేవాళ్ళకి ఈ రెండు రాత్రులూ చాలు. మర్నాటి నుంచి సాయంత్రం ఆరు దాటాక మా ఇంట్లో ఏం జరుగుతోందో అరుగు మీద కూర్చుని చూశా. పుట్టి పెరిగిన ఇంట్లో మొదటిసారి.

ఆరున్నరకి మా మామ్మ దేవుడి దగ్గర దీపం పెడుతుంది. ఎనభై దాటిన మనిషి, ఈ పని ఇంకొకళ్ళకివ్వదు. ఏడింటికి పిల్లాడికి వేన్నీళ్ళ స్నానం. ఏడుంపావుకి అన్నాలు, వాడికి ముద్దపప్పూ నెయ్యీ, ఆఖర్న పెరుగన్నం. తర్వాత ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి దిష్టి తీస్తుంది. దిష్టి ఉందా లేదా అన్న చర్చలోకి నేను దిగను. నాకు కనపడిందల్లా, ఆ నిమిషం సేపు వాడు కదలకుండా కూర్చుంటాడు, ఇంట్లోవాళ్ళంతా వాడి వంకే చూస్తారు. తర్వాత వీధి తలుపు గడియ పడుతుంది. మంచాలు వాలుస్తారు. దోమతెర దించి అంచులు పరుపు కిందకి దోపుతారు (కోనసీమ దోమల సంగతి తెలిసినవాళ్ళకి ఇది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు). లైటు తీసేస్తారు. మామ్మ వాడి పక్కన వాలి, వీపు మీద చెయ్యేసి జోకొడుతూ కథ చెబుతుంది.

మామ్మకి తెలిసిన కథలు మూడే. చిన్నప్పుడు నాకూ అవే చెప్పింది. "రోజూ అదే కథేంటి మామ్మా, విసుగు రాదా వాడికి?" అన్నా. "కొత్త కథైతే తరవాతేమవుద్దోనని మెలకువగా ఉంటాడ్రా. తెలిసిన కథైతే ఎలాగూ తెలుసు కదా అని పడుకుంటాడు" అంది. మన యాప్‌ల వాళ్ళు పిల్లల కోసం రోజుకో కొత్త కథ అమ్ముతున్నారు. మామ్మది సరిగ్గా వ్యతిరేకం.

"మరి మా దగ్గరెందుకు పడుకోడు, నువ్వెలా నిద్రపుచ్చుతున్నావ్?" అని అడిగా. "నిద్రపుచ్చడవేంటిరా? మనం సద్దుమణిగితే వాడూ సద్దుమణుగుతాడు" అని అటు తిరిగి పడుకుంది.

ఇంత చిన్న మాట నాకెందుకు తట్టలేదా అని చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ ఇంట్లో ఎవరూ పిల్లాణ్ణి పడుకోబెట్టట్లేదు. ఇల్లు ఇల్లంతా పడుకోవడానికి సిద్ధమవుతోంది, దాంతో పాటే వాడూ. మా ఫ్లాటులో మాత్రం ఇల్లంతా మెలకువగా ఉండి వాడొక్కణ్ణి పడుకోమంటోంది. రెండున్నరేళ్ళవాడికి దాని అర్థం ఒక్కటే: "నువ్వు వెళ్ళు, మేం ఇక్కడ సరదాగా ఉంటాం." ఎవడు పడుకుంటాడండీ?

ఇక్కడ ఓ మాట ఒప్పుకోవాలి. "ఆ రోజుల్లో పల్లెటూళ్ళలో ఎంత బాగుండేదో" అని నిట్టూర్చే టపా కాదిది. ఆ సద్దుమణగడం వెనకాల ఉన్న చాకిరీ అంతా ఆడవాళ్ళదే. మా నాన్న నన్ను ఒక్క రాత్రి జోకొట్టినట్టు ఎవరూ చెప్పలేదు. మమ్మల్ని పడుకోబెట్టాక మా అమ్మ గిన్నెలు తోముకుని, పాలు తోడేసి, పదకొండింటికి నడుం వాల్చి, మళ్ళీ తెల్లవారుజామున లేచేది. మామ్మే ఇంకోటి కూడా చెప్పింది. ఆవిడ చిన్నతనంలో చేలోకి కూలికెళ్ళే తల్లులు పిల్లలు లేవకుండా గోరంత నల్లమందు నాకించి వెళ్ళేవారట. అది పాపం వాళ్ళ గతిలేనితనం. ఈ రోజు అన్నీ ఉండి మనం జలుబు మందు పట్టించమంటున్నాం.

హైదరాబాదు వచ్చాక పరిశోధనలు కాస్త తిరగేశా. 2009లో జోడీ మిండెల్ బృందం అమెరికాలో 405 మంది తల్లులతో ఒక అధ్యయనం చేసింది. ఒక వారం మామూలుగా ఉండమని, తర్వాత రెండు వారాలు కొందరిని రోజూ ఒకే వరసలో మూడు పనులు చెయ్యమన్నారు: స్నానం, ఒంటికి రాయడం, తర్వాత జోల పాడటం లాంటి నెమ్మది పని ఏదైనా. స్నానం అయిన అరగంటలోపు లైటు తీసెయ్యాలి. అంతే. పిల్లలు తొందరగా పడుకున్నారు, రాత్రి లేవడం తగ్గింది, తల్లుల మనసూ తేలికపడింది. ఆ అధ్యయనానికి డబ్బు జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళది, కాబట్టి స్నానం మీద వాళ్ళకి కాస్త ప్రేమ ఉండటం సహజమే. :) కానీ వేన్నీళ్ళు, నూనె, జోల అనేవి మన ముసలమ్మలకి కొత్తవేం కాదు. ముఖ్యమైన సంగతి ఏ పని అన్నది కాదు, రోజూ అదే వరసలో జరగడం.

అదే బృందం 2010లో 17 దేశాలు, ప్రాంతాల్లో మూడేళ్ళలోపు పిల్లలు 29,287 మంది వివరాలు అచ్చేసింది. అందులో మన దేశమూ ఉంది. న్యూజిలాండ్ పిల్లలు సగటున రాత్రి 7:27కి పడుకుంటే, హాంకాంగ్ పిల్లలు 10:17కి. మొత్తం మీద ఆసియా పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, తక్కువ నిద్రపోతారు. మరి ఎంత నిద్ర కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి పగటి కునుకులతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ళ వాళ్ళకి 10 నుంచి 13. మావాడి లెక్క తీస్తే తొమ్మిదిన్నర.

ఇంకోటి వెలుతురు. 2018లో కొలరాడోలో పదిమంది చిన్నపిల్లల్ని పడుకునే ముందు గంటసేపు బాగా వెలుతురులో కూర్చోబెట్టి ఆడించి, లాలాజలంలో నిద్రని పిలిచే మెలటోనిన్ ఎంతుందో కొలిచారు. దాదాపు 88 శాతం పడిపోయింది. పదిమందే కాబట్టి ఆ అంకె పట్టుకుని వేలాడనక్కర్లేదు. కానీ మా హాల్లో ట్యూబులైటు కింద కూర్చోబెట్టి "నిద్ర రావట్లేదా నాన్నా?" అని అడగడం ఎంత తెలివితక్కువతనమో అర్థమైంది.

అసలు మామ్మ మాట నాకు పూర్తిగా ఎక్కింది మాత్రం తిరుగు ప్రయాణంలో. పాలకొల్లులో రాత్రి రైలెక్కాం. బుడ్డాడు బెర్తుల మధ్య కోతిలా గెంతుతున్నాడు. పదింటికి బోగీలో లైట్లు ఆరిపోయాయి. ఎదురు బెర్తు ముసలాయన దుప్పటి కప్పుకున్నాడు. పైవాడు ఫోను పక్కన పెట్టాడు. మేమూ వాలాం. పది నిమిషాల్లో వాడు పడుకుండిపోయాడు. బోగీలో ఎవరూ వాణ్ణి పడుకోబెట్టలేదు. అందరూ పడుకున్నారు.

మన భాషలో చెప్పాలంటే, సర్వరు ఆపాలంటే ప్లగ్గు పీకెయ్యం కదా. కొత్త రిక్వెస్టులు రానివ్వకుండా ముందు గేటేసి, నడుస్తున్నవి ఒక్కొక్కటీ ముగించి, అప్పుడు ఆపుతాం. పిల్లాడి దగ్గర మాత్రం ఎనిమిదింటి దాకా కేకలూ టీవీ ఎక్కుపెట్టి, ఎనిమిదిన్నరకి ప్లగ్గు పీకుతాం. ఆగలేదని మళ్ళీ వాడి మీదే కోపం.

సరే, ఏం చేశామంటే... వంట సగం పొద్దున్నే అయిపోయేలా చూసుకున్నాం. ఏడున్నరకి టీవీ, ట్యూబులైటు బంద్, మూల ఉన్న చిన్న దీపం ఒక్కటే. రెండు ఫోన్లూ ఫ్రిజ్ మీదకి. ఏడుముప్పావుకి స్నానం నేను పోస్తా. ఊరి నుంచి దోమతెర తెచ్చుకున్నాం. పన్నెండో అంతస్తులో దోమలు పెద్దగా లేవు, కానీ తెర దించగానే ఆట అయిపోయిందని వాడికి తెలుస్తుంది. కథ నాదే. మామ్మ మూడు కథల్లో రెండు నాకు గుర్తున్నాయి, చాలు. వాడితో పాటు మేమిద్దరం కూడా నిజంగా వాలుతాం. వాడు పడుకున్నాక మళ్ళీ లేస్తాం, అది వేరే సంగతి.

అన్నిటికంటే కష్టమనుకున్నది ఎనిమిదిన్నర కాల్. రెండేళ్ళుగా అది మార్చలేని శిలాశాసనం అనుకున్నా. సెప్టెంబరులో గుండె చిక్కబట్టుకుని అవతలి లీడ్‌ని అడిగా, "తొమ్మిదిన్నరకి పెట్టుకుందామా? రాత్రి మావాణ్ణి పడుకోబెట్టాలి" అని. నాకు ఎనిమిదిన్నరంటే వాళ్ళకి పొద్దున్న ఎనిమిది. ఆయన ఏమన్నాడో తెలుసా? "చాలా థాంక్స్. ఆ టైముకి నేను మా పాపని స్కూల్లో దింపాలి, మీ కోసమే ఎనిమిదికి పెట్టుకున్నాం అనుకుంటున్నా!" రెండేళ్ళు! భూగోళానికి రెండు పక్కలా ఇద్దరు తండ్రులు, అవతలివాడి కోసమే అనుకుంటూ ఎవరి పిల్లల్ని వాళ్ళు వదిలేశాం. నవంబరులో వాళ్ళ గడియారం గంట వెనక్కెళ్ళాక నా కాల్ పదిన్నరకి జరిగింది. నిద్ర తక్కువైంది నాకు, వాడికి కాదు. అది న్యాయమే అనిపించింది.

మొదటి వారం సాఫీగా ఏం సాగలేదు. రెండు రాత్రులు తెర చింపినంత పని చేశాడు. చుట్టాలొస్తే, జ్వరమొస్తే, క్రికెట్ మ్యాచ్ ఉంటే మళ్ళీ పది దాటుతుంది. కానీ మామూలు రోజుల్లో ఎనిమిదిన్నర, ఎనిమిదీ నలభైకల్లా పడుకుంటున్నాడు. ఇంకో మార్పు నేను అనుకోనిది. తలుపు బాదడం మానేశాడు. వాడు నిద్రతో గొడవపడట్లేదు, రోజంతా కనపడని నాన్న ఆ గంటలో దొరుకుతాడని కాపలా కాస్తున్నాడు. ఏడుముప్పావు నుంచి వాడి వాటా వాడికి ముట్టింది, ఇక కాపలా అక్కర్లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. "మావాడు పడుకోడు" అనే ముందు మన ఇల్లు ఎన్నింటికి పడుకుంటోందో ఒక వారం రాసి చూడండి. పడుకోబెట్టడం అమ్మ పని, కాల్ నాన్న పని అనే పంపకం ఎవరు చేశారో అడగండి. మీరు మేనేజరైతే, ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య మీటింగు పెట్టేముందు ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళని ఓసారి కనుక్కోండి. రాత్రి షిఫ్టులో సపోర్టు చేసేవాళ్ళకి ఇవేవీ కుదరవని తెలుసు. వాళ్ళు వాటా పొద్దున్న చెల్లించొచ్చు, కానీ చెల్లించాలి. ఏడాదిలోపు పసిపిల్లల సంగతి, గురక పెట్టే పిల్లల సంగతి, రాత్రిళ్ళు మరీ లేచిపోయే పిల్లల సంగతి నా చిట్కాలకి లొంగేవి కావు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి ఊరి నుంచి ఫోనొస్తుంది. "పడుకున్నాడా?" అంటుంది మామ్మ. "పడుకున్నాడు మామ్మా" అంటా. "మరి నువ్వెప్పుడు పడుకుంటావురా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర ఇంకా జవాబు లేదు. పదిన్నరకి కాల్ ఉంది.